పెద్ద ట్యాంక్‌లో సిక్లిడ్స్ కలిపి పెంచడం ఎలా: మన గోదావరి డెల్టా నీళ్ళకి ఏవి సరిపడతాయి, ఏవి వేటితో కలుస్తాయి

సిక్లిడ్స్ పెడదాం అనుకున్నవాళ్ళు చాలామంది ముందు షాపుకెళ్తారండి, పసుపుది బాగుంది, నీలంది బాగుంది, ఆ పెద్ద తలకాయది ఇంకా బాగుంది అని నాలుగు రకాలు కవర్లలో కట్టించుకుని తెచ్చేస్తారు, ఆర్నెల్లు తిరిగేసరికి ట్యాంక్‌లో ఒక్కటే మిగులుతుంది. అందులో చేప తప్పేం లేదు. సిక్లిడ్ అంటే ఒక చేప కాదు, వెయ్యికి పైగా రకాలున్న పెద్ద కుటుంబం, ఒక్కోదానిది ఒక్కో ఖండం, ఒక్కో నీరు, ఒక్కో తిండి. ఎల్లో ల్యాబ్ అనే పసుపు చేపది ఆఫ్రికాలో మలావీ సరస్సు, ఆస్కార్‌ది అమెజాన్, ఫైర్‌మౌత్‌ది మెక్సికో, గ్వాటెమాలా వైపు. మన చెరువుల్లో పడే తిలాపియా కూడా సిక్లిడే, మొజాంబిక్ తిలాపియాని మన దేశానికి 1952లో తెచ్చారు. చెరువు గట్టు పక్కన తిలాపియా మగది పళ్ళెం లాంటి గుంట చేసుకుని, దగ్గరకొచ్చిన ప్రతిదాన్నీ తరిమేస్తుండడం మీరు చూసే ఉంటారు. అదే బుద్ధి చిన్నా పెద్దా అన్ని సిక్లిడ్స్‌కీ ఉంటుంది, కొన్నిటికి ఎక్కువ, కొన్నిటికి తక్కువ, అంతే తేడా.

అందుకని వరస ఇలా పెట్టుకోండి. ముందు మీ ఇంటి నీళ్ళు, తర్వాత ట్యాంక్, తర్వాత ఏ గుంపు పెట్టాలి అన్నది, ఆఖర్న చేపలు. ఈ వరస తిరగేస్తే డబ్బులూ పోతాయి, ప్రాణాలూ పోతాయి.

మొదటి పని: మీ నీళ్ళు ఏంటో తెలుసుకోండి

మన డెల్టాలో ఇది అన్నిటికన్నా పెద్ద విషయం, ఎందుకంటే ఇక్కడ ఊరు ఊరుకీ కాదు, వీధి వీధికీ నీళ్ళు మారిపోతాయి. తణుకు, రావులపాలెం వైపు చాలాచోట్ల బోరు నీళ్ళు బానే ఉంటాయి, అదే కిందకి మొగల్తూరు, నర్సాపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు వెళ్ళే కొద్దీ ఉప్పు తగులుతుంది. పంచాయతీ కుళాయిలో వచ్చేది కాలువ నీళ్ళు చెరువులో నిలవపెట్టి క్లోరిన్ కలిపి వదిలేది. తాగడానికి కొనుక్కునే టిన్ను నీళ్ళేమో ఆర్ఓ ప్లాంట్‌వి. ఈ మూడూ మూడు రకాల నీళ్ళు, మూడిట్లో మూడు రకాల చేపలు బతుకుతాయి.

దీనికి మనకున్న అదృష్టం ఏంటంటే ఇది ఆక్వా ప్రాంతం. భీమవరం, ఉండి, ఆకివీడు, కైకలూరు, అమలాపురం, ఎక్కడ చూసినా రొయ్యల రైతులు సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి టెస్ట్ చేయించుకునే ల్యాబ్‌లు ఉంటాయి. మీరు కూడా ఒక లీటర్ సీసా శుభ్రంగా కడిగి, బోరు ఐదు నిమిషాలు వదిలేశాక పట్టి, మూత గట్టిగా పెట్టి తీసుకెళ్ళండి. కుళాయి నీళ్ళు ఇంకో సీసాలో. పీహెచ్, సెలైనిటీ (ఉప్పదనం), ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నిలబెట్టే గుణం), హార్డ్‌నెస్ (గట్టిదనం) చూడమని అడగండి, కాల్షియం, మెగ్నీషియం విడివిడిగా చెప్తే ఇంకా మంచిది. చెరువుకి కాదండి అక్వేరియంకి అని చెప్తే నవ్వుతారేమో గానీ చేసి పెడతారు.

కాగితం చేతికొచ్చాక చూడాల్సింది ఇది. సెలైనిటీ 1 పీపీటీ (వెయ్యికి ఒక వంతు) లోపు ఉండి, పీహెచ్ 7.8 నుంచి 8.5 మధ్యలో ఉండి, ఆల్కలినిటీ 120 పీపీఎం పైన ఉంటే మీవి మలావీ చేపలకి తయారుగా ఉన్న నీళ్ళు, ఇంకేం కలపక్కర్లేదు. పీహెచ్ 6.5 నుంచి 7.5, హార్డ్‌నెస్ 150 పీపీఎం లోపు ఉంటే దక్షిణ అమెరికా చేపలకి వెళ్ళండి. సెలైనిటీ 2, 3 పైన ఉంటే ఆ రెండూ వద్దు, దానికి వేరే దారుంది, కింద చెప్తా.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ఆఫ్రికన్ చేపలకి గట్టి నీళ్ళు కావాలంట, మా బోరు ఉప్పగా ఉంది కాబట్టి సరిపోతుంది అనుకుంటారు. గట్టి నీరు వేరు, ఉప్పు నీరు వేరు. గట్టి నీళ్ళంటే కాల్షియం, మెగ్నీషియం ఉన్నవి. మలావీ సరస్సు మంచినీటి సరస్సు, అందులో ఉప్పు లేదు. నీళ్ళలో కరిగినవన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే రెండూ పెద్ద నెంబరే చూపిస్తాయి, దేనివల్ల పెరిగిందో ఆ మీటర్ చెప్పలేదు, అందుకే ల్యాబ్‌కి వెళ్ళమంటున్నా.

టిన్ను నీళ్ళు మాత్రమే పోసేవాళ్ళకి కూడా ఒక మాట. ఆర్ఓ నీళ్ళలో ఆల్కలినిటీ ఏమీ మిగలదు, ఆ నీళ్ళతో ట్యాంక్ నింపేస్తే కొన్నాళ్ళకి పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది, చేపలు మందంగా అయిపోతాయి. ఆర్ఓ వాడితే బోరు నీళ్ళతో కలిపి వాడండి. రెండు వంతులు ఆర్ఓ, ఒక వంతు బోరు వేసి మళ్ళీ టెస్ట్ చేసుకుని, ఒకసారి కుదిరిన పాళ్ళు ఇంక మార్చకండి.

కాలువలోంచి బక్కెట్టుతో తోడి పోయడం మాత్రం వద్దు. వరిచేల మందులన్నీ మురుగులోకీ కాలువలోకీ దిగుతాయి, చేపపేను కూడా వచ్చేస్తుంది. కుళాయి నీళ్ళకి క్లోరిన్ పోవాలి, డ్రమ్ములో పట్టి ఎయిర్‌స్టోన్ పెట్టి ఒక రోజు వదిలేయండి, లేదా యాంటీ క్లోరిన్ వేయండి. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు ఇంకా జాగ్రత్త, పంచాయతీ చెరువులో నీళ్ళు తగ్గిపోయి పచ్చబడితే క్లోరిన్ ఎక్కువ వేస్తారు, నీళ్ళ తీరే మారిపోతుంది. ఆ రెండు నెలలూ ఒకేసారి సగం నీళ్ళు మార్చకుండా కొంచెం కొంచెం మార్చుకోండి.

రెండో పని: ట్యాంక్

నాలుగడుగుల ట్యాంక్‌లో కూడా సిక్లిడ్స్ పెట్టొచ్చు గానీ కలిపి పెంచాలి అంటే ఆరడుగులు ఉంటేనే మనశ్శాంతి. ఆరు పొడవు, రెండు వెడల్పు, రెండు ఎత్తు అంటే అంచుల దాకా 680 లీటర్లు, వాడకంలో 600 అనుకోండి. నీళ్ళే 600 కిలోలు, అద్దం, స్టాండ్, ఇసుక, రాళ్ళు కలిపితే 800 దాటిపోతుంది, కాబట్టి గోడ పక్కన, కింద ఫ్లోర్‌లో అయితే మంచిది, మేడ మీదైతే బీమ్ ఎటు వెళ్ళిందో కట్టిన మేస్త్రీని అడిగి పెట్టండి. ఎత్తు ఎక్కువ చేయించుకుని మురిసిపోకండి, ఒక్క ఏంజెల్ ఫిష్‌కి తప్ప ఎత్తుతో ఎవరికీ పనిలేదు, సిక్లిడ్‌కి కావాల్సింది నేల. నేల ఎంత ఉంటే అన్ని సరిహద్దులు, అన్ని సరిహద్దులు ఉంటే అంత తక్కువ కొట్లాట.

ఇసుక గోదావరిదే వాడుకోవచ్చు, మనకి దానికన్నా మంచిది ఎక్కడా దొరకదు. జల్లెడ పట్టి సన్నది తీసుకుని, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, అంటే చాలాసార్లే కడగాలి. కడిగాక గుప్పెడు తీసి దాని మీద వెనిగర్ గానీ నిమ్మరసం గానీ పిండండి. బుసబుసా నురగొస్తే అందులో గుల్ల ఉందన్నట్టు, అది పీహెచ్ పెంచుతుంది, మలావీకి లాభం, అమెజాన్ చేపలకి నష్టం. రాళ్ళు గౌరీపట్నం, దేవరపల్లి వైపు క్వారీల నల్లరాయి బావుంటుంది, నీళ్ళలో కరగదు, బరువుగా నిలబడుతుంది, దానికీ ఇదే పరీక్ష చేసుకోండి. రాళ్ళని ఇసుక మీద కాదు, అడుగున థర్మోకోల్ షీట్ వేసి దాని మీద నిలబెట్టాక చుట్టూ ఇసుక పోయండి, లేకపోతే ఇవి కింద తవ్వేసి రాయి అద్దం మీదకి ఒరిగిపోతుంది.

ఫిల్టర్ గంటకి ట్యాంక్ నీళ్ళని ఆరేడు సార్లు తిప్పేలా ఉండాలి, రెండు క్యానిస్టర్లు (ట్యాంక్ బయట ఉండే డబ్బా ఫిల్టర్లు) గానీ ట్యాంక్ కింద సంప్ (వడపోత తొట్టి) గానీ. కరెంట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కరెంట్ పోయి మూడు నాలుగు గంటలు క్యానిస్టర్ ఆగిపోతే లోపల గాలి అందక బ్యాక్టీరియా చచ్చి కుళ్ళుతుంది, కరెంట్ రాగానే ఆ కుళ్ళు నీళ్ళన్నీ ట్యాంక్‌లోకి కొడుతుంది. అంతసేపు పోతే ఆన్ చేసే ముందు క్యానిస్టర్ విప్పి ఆ నీళ్ళు పారబోయండి. ఇన్వర్టర్ మీద ఒక ఎయిర్ పంప్, దానికి రెండు స్పాంజ్ ఫిల్టర్లు ఎప్పుడూ నడుస్తుండేలా పెట్టుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

నీళ్ళు పోసిన రోజే చేపలు వేయకూడదు, చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా తయారవ్వడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎవరిదైనా బాగా నడుస్తున్న ట్యాంక్ స్పాంజ్ తెచ్చి పెడితే తొందరగా అవుతుంది. చెరువులు చేసేవాళ్ళకి ఇది కొత్త కాదు, పీహెచ్ ఎక్కువ, వేడి ఎక్కువ ఉన్న నీళ్ళలో అదే అమ్మోనియా ఎక్కువ చంపుతుంది. అంటే గట్టి నీళ్ళలో మలావీ పెట్టేవాళ్ళు మిగతావాళ్ళకన్నా ఈ విషయంలో ఓపిక పట్టాలి.

మూడో పని: ఏ గుంపు?

ఒక ట్యాంక్‌లో ఒకే గుంపు. మలావీ అయితే మలావీ, దక్షిణ అమెరికా అయితే అదే. ఇది నీటి కోసమే కాదు, సైగల కోసం కూడా. ఒకే సరస్సులో పెరిగిన చేపలకి ఎదుటిది రెక్క విప్పితే ఏంటి, అడ్డం తిరిగితే ఏంటి, ఎప్పుడు తప్పుకోవాలి అన్నది తెలుస్తుంది. దక్షిణ అమెరికా సీవరం మెల్లగా పక్కకి తిరిగి బెదిరిస్తుంటే మలావీ ఆరాటస్ ఆగదు, వచ్చి కొరికేస్తుంది.

మలావీలో ఎంబునా అని రాళ్ళ మధ్య బతికేవి ఉంటాయి, రాళ్ళ మీద నాచు గీక్కుని తింటాయి. రంగులు సముద్రపు చేపల్లా ఉంటాయి, అందుకే అందరికీ ఇవే కావాలి. వీటిలో మెత్తనివి ఎల్లో ల్యాబ్, రస్టీ, ఏసీ. ఈ మూడూ కలిపి ఒక్కోటి ఎనిమిదేసి, మొత్తం ఇరవైనాలుగు పెడితే ఆరడుగుల ట్యాంక్ కళకళలాడిపోతుంది, కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదే. అన్ని చేపలా అంటారు. ఎంబునాలో తక్కువ పెడితేనే ప్రమాదం, ఐదారు ఉంటే బలమైనది ఒకదాన్ని ఎంచుకుని చచ్చేదాకా తరుముతుంది, ఇరవై పైన ఉంటే కోపం పదిమందికీ పంచబడి ఎవరికీ దెబ్బ తగలదు. ఎక్కువ పెట్టాం కాబట్టి వారం వారం నలభై శాతం నీళ్ళు మార్చాలి మరి, అది తప్పదు. ప్రతి రకంలో మగది ఒకటుంటే ఆడవి మూడు నాలుగు ఉండాలి. డెమసోనీ కావాలంటే పన్నెండుకి తగ్గకుండా తీసుకోవాలి, ఆరు తెస్తే చివరికి ఒకటో రెండో మిగులుతాయి. ఆరాటస్, కెన్యీ ఈ రెండూ పిల్లలప్పుడు షాపులో చూడ్డానికి చాలా ముద్దుగా ఉంటాయి, పెద్దయ్యాక ట్యాంక్ అంతా వాటిదే, మెత్తటి వాటితో అస్సలు కలపకండి.

తిండి దగ్గర కూడా జాగ్రత్త. ఎంబునాకి స్పిరులినా (ఒక రకం నాచు) ఉన్న మేత వేయాలి. మన దగ్గర రొయ్య చవకగా దొరుకుతుంది కదా అని, రొయ్యల మేత బస్తా ఇంట్లో ఉంది కదా అని అది వేస్తే కడుపు ఉబ్బి పోతాయి, దాన్నే బ్లోట్ అంటారు. తినడం మానేసి, తెల్లగా దారంలా మలం వేలాడుతూ ఉందంటే మొదలైనట్టే, అది వచ్చాక బతికించడం కష్టం.

మలావీలోనే పీకాక్స్, హాప్స్ అని ఇంకో రకం. ఇవి ఇసుక నేల మీద, నీళ్ళ మధ్యలో తిరిగేవి, ఎంబునా కన్నా నెమ్మది. పీకాక్స్ పెట్టాలంటే ఎంబునా వద్దు, ఆ గోలకి పీకాక్ మగది భయపడి రంగు కూడా ఎక్కదు. మరీ కావాలంటే ఎల్లో ల్యాబ్, ఏసీ వరకు ఓకే. రంగుల కోసమే అయితే మగవి మాత్రమే, ఒక్కో రకం ఒక్కటి చొప్పున, ఒకదానిలా ఒకటి లేకుండా పది పన్నెండు పెట్టండి. ఆడది ఒక్కటి పడినా యుద్ధం మొదలవుతుంది. వెనస్టస్ పాతిక సెంటీమీటర్ల దాకా పెరిగి చిన్నవాటిని మింగేస్తుంది, అది గుర్తుపెట్టుకోండి.

షాపులో ఆఫ్రికన్ మిక్స్ అని తొట్టి మీద రాసి ఉంటుంది, అది కొనకండి. మనకి చాలావరకు చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో పార్సిల్ వస్తుంది, మిక్స్ అంటే ఏ రకమో వాళ్ళకే తెలియని సంకరాలు, పెరిగాక ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. పేరు చెప్పగలిగిన తొట్టిలోవే తీసుకోండి.

ఇక మెత్తటి నీళ్ళున్నవాళ్ళకి దక్షిణ అమెరికా గుంపు. నా అభిప్రాయంలో పెద్ద ట్యాంక్‌కి ఇంతకన్నా అందమైనది లేదండి. సీవరం రెండు, జియోఫాగస్ ఐదు, ఎలక్ట్రిక్ బ్లూ అకారా మూడు, వాటిపైన సిల్వర్ డాలర్లు అనే వెండి రంగు చేపలు ఆరు, అడుగున నాచు గీకే బ్రిస్టల్‌నోజ్ క్యాట్‌ఫిష్ రెండు. సిల్వర్ డాలర్లు ఎందుకంటే పైన గుంపుగా అవి ధైర్యంగా తిరుగుతుంటే కింద సిక్లిడ్స్‌కి పర్లేదు, ప్రమాదం ఏమీ లేదు అని ధైర్యం వస్తుంది, లేకపోతే మనిషి కనిపిస్తే చాలు మూలకి దూరతాయి. మొక్కలు మాత్రం సీవరం, డాలర్లు కలిసి నమిలేస్తాయి, అనుబియాస్ లాంటి గట్టి ఆకులవి కట్టెకి కట్టి ఆశ పెట్టుకోవచ్చు.

జియోఫాగస్ గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. తల వంచి నోటినిండా ఇసుక తీసుకుని, దవడలు నాలుగైదు సార్లు ఆడించి, తినేది ఏదైనా ఉంటే మింగి, మిగతా ఇసుకని మొప్పల సందుల్లోంచి సన్నగా ధారలా వదులుతుంది, ఐదూ వరసగా అలా చేసుకుంటూ వెళ్తుంటే పొద్దున్న కాఫీ చల్లారిపోయేదాకా చూస్తూనే ఉంటాం. దీనికి సన్న ఇసుకే ఉండాలి, గులకరాళ్ళు వేస్తే నోరు, మొప్పలు గీరుకుపోతాయి, ఆకలితో ఉంటుంది పాపం. సన్న గోదావరి ఇసుక దొరికే మనం గులకరాళ్ళు కొనడం ఎందుకు చెప్పండి.

ఆస్కార్ కావాలంటే ట్యాంక్ ఆస్కార్ కోసమే కట్టాలి. షాపులో రెండంగుళాలు ఉన్నది ఏడాదిలో అడుగుకి దగ్గరవుతుంది, నోట్లో పట్టేది ఏదైనా తిండే. ఆరడుగుల ట్యాంక్‌లో రెండు ఆస్కార్లు, ఆరు పెద్ద సిల్వర్ డాలర్లు, ఒక సీవరం, అంతటితో ఆపేయండి. వలిచిన రొయ్య ముక్క వారానికోసారి పెట్టొచ్చు, రోజూ మాత్రం గుళికల మేతే. నీళ్ళు మార్చకపోతే తల మీద గుంటలు పడతాయి.

ఏంజెల్స్ గుంపు వేరు. ఆరు ఏంజెల్స్, రామ్స్ అనే చిన్న సిక్లిడ్స్ రెండు జతలు, కింద కోరిడోరస్ అనే చిన్న క్యాట్‌ఫిష్ పది, పైన రమ్మీనోస్ టెట్రాలు. నియాన్ టెట్రా వద్దు, ఏంజెల్ పెద్దయ్యాక దానికి అది మేత. రామ్‌కి 28, 29 డిగ్రీలు ఇష్టం, మన వాతావరణం దానికి కలిసొస్తుంది. డిస్కస్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

ఫైర్‌మౌత్, జాక్ డెంప్సీ, కాన్విక్ట్, టెక్సాస్ ఇవన్నీ మధ్య, ఉత్తర అమెరికా నీళ్ళవి. గట్టి నీళ్ళు తట్టుకుంటాయి గానీ కాన్విక్ట్ జత గుడ్లు పెట్టిందంటే ఆరడుగుల ట్యాంక్‌లో మూడడుగులు వాటికి రాసిచ్చేసినట్టే, వేలెడంత చేప అడుగు ఆస్కార్‌ని కూడా మూలకి తోస్తుంది. ఫైర్‌మౌత్ ఎర్ర గొంతు ఉబ్బించి బెదిరిస్తుంది గానీ నిజంగా కొట్టేది తక్కువ, అందుకే కాన్విక్ట్, డెంప్సీ పక్కన అదే దెబ్బలు తింటుంది.

ఫ్లవర్‌హార్న్ ఒంటరిగానే. అది మనుషులు కలిపి పుట్టించిన సంకరం, వాస్తుకి మంచిదని షాపుల్లో, ఆఫీసుల్లో పెడుతుంటారు, పెట్టుకోండి, పక్కన ఇంకో చేప మాత్రం వేయకండి. ప్యారట్ సిక్లిడ్ కూడా సంకరమే, నోరు సరిగ్గా మూసుకోదు కాబట్టి పెద్దగా కొరకలేదు, సీవరంతో సర్దుకుంటుంది. ప్యారట్‌కి ఊదా, నీలం రంగులెక్కించి అమ్ముతారు, ఒంటి మీద బొమ్మలు వేసి కూడా అమ్ముతారు, ఆ చేపని ఎంత బాధపెట్టి చేస్తారో తెలిస్తే కొనబుద్ధి కాదు, దయచేసి కొనకండి.

ఉప్పు బోరు ఉన్నవాళ్ళకి ఇందాక దారుందన్నా కదా. మన దేశపు సిక్లిడ్స్ ఉన్నాయి. ఆరెంజ్ క్రోమైడ్ అరచేతిలో పట్టేది, పసుపు ఒంటి మీద ఎర్ర చుక్కలు, పక్కన నల్ల మచ్చ. గ్రీన్ క్రోమైడ్ అంటే పెర్ల్‌స్పాట్, కేరళవాళ్ళ కరిమీన్, 2010లో వాళ్ళ రాష్ట్ర చేప చేసుకున్నారు. రెండూ ఉప్పుటేరుల్లాంటి నీళ్ళలో పెరిగేవి. ఎనిమిది ఆరెంజ్, నాలుగు గ్రీన్ పెట్టి చూడండి. చిన్న ఆరెంజ్ క్రోమైడ్లు గ్రీన్ పిల్లల ఒంటి మీద, రెక్కల మీద పట్టిన వాటిని గిల్లి శుభ్రం చేస్తాయి, అవే మళ్ళీ గ్రీన్ గుడ్లనీ పిల్లల్నీ తింటాయి, రెండిటి సంబంధం అలాంటిది. బయట దేశాల చేపల కోసం టిన్నులు టిన్నులు ఆర్ఓ నీళ్ళు మోసే కన్నా తీరం పక్క ఊళ్ళవాళ్ళు ఇవి పెట్టుకుంటే ఎంత సుఖమో, ఎందుకో మన షాపులు పెద్దగా తెప్పించవు, అడిగితే తెప్పిస్తారు. సెలైనిటీ రోజుకోలా మారకుండా చూసుకుంటే చాలు.

నాలుగో పని: చేపలు దించడం

అన్నీ పిల్లలుగా ఉన్నప్పుడే, వీలైతే ఒకే వారంలో తెచ్చుకోండి. అలా కుదరకపోతే మెత్తటివి ముందు, గట్టివి ఆఖర్న. కొట్లాడేది ముందు దిగితే ట్యాంక్ అంతా నాదే అనుకుంటుంది, తర్వాత వచ్చినవాటికి నిలవనీడ ఉండదు. కొత్తవాటిని ముందు వేరే తొట్టిలో రెండు మూడు వారాలు ఉంచి చూడండి, పేను, తెల్ల మచ్చలు గట్రా అక్కడే బయటపడతాయి.

పాత ట్యాంక్‌లోకి కొత్త చేప దించాలంటే ఆ రోజు రాళ్ళన్నీ తీసి వేరేలా పేర్చండి. సరిహద్దులు చెరిగిపోతాయి, పాతవి కూడా కొత్త ఇంటికొచ్చినట్టు వెతుక్కుంటూ తిరుగుతాయి, ఆ సందులో కొత్తది సర్దుకుంటుంది. పాతవాటికి మేత వేసి, లైట్ ఆర్పేసి, అప్పుడు దించాలి. ఒక్కదాన్ని కాదు, నాలుగైదు కలిపి.

తర్వాత వారం రోజులు గమనించండి. తరమడం, రెక్కలు విప్పి అడ్డంగా నిలబడడం, నోరు నోరు పట్టుకుని గుంజుకోవడం, ఇవన్నీ మామూలే, ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయి. కంగారు పడాల్సింది ఎప్పుడంటే, ఒకటి రోజంతా పైన మూలన హీటర్ వెనకో పైపు వెనకో తోక చిరిగి, రంగు నల్లబడి, మేతకి కూడా రాకుండా నిలబడిపోయిందనుకోండి, రేపు చూద్దాం అనకుండా అప్పుడే తీసి వేరే తొట్టిలో వేయండి. మళ్ళీ మళ్ళీ ఇలాగే జరుగుతుంటే దెబ్బలు తిన్నదాన్ని కాదు, కొట్టేదాన్ని తీయాలి, రెండు వారాలు బయట ఉంచి మళ్ళీ దించితే దాని స్థానం పోయి ఉంటుంది, కాస్త తగ్గుతుంది.

ఎండాకాలం

మన దగ్గర హీటర్‌తో పని రామ్స్, ఏంజెల్స్‌కి జనవరి రాత్రుళ్ళే. అసలు కష్టం ఏప్రిల్, మే. నీళ్ళు 32 దాటితే ఆక్సిజన్ తగ్గిపోతుంది, చెరువుల్లో లాగే తెల్లారగట్ల ఎక్కువ తెలుస్తుంది. పొద్దున్నే లేచేసరికి అన్నీ పైకొచ్చి గుటకలు వేస్తుంటే వెంటనే ఎయిర్ పెంచండి. మూత తీసి వల లాంటిది పరిచి, నీటి మీదకి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, నీళ్ళు కూడా తొందరగా ఆవిరవుతాయి, దానికి ఆర్ఓ నీళ్ళు పోయండి, బోరు పోస్తే ఉప్పులు పేరుకుంటాయి. ఐసు గడ్డలు వేయకండి. ఆ రోజుల్లో మేత సగానికి తగ్గించేయండి.

పిల్లలు పెడితే

కలిసిన ట్యాంక్‌లో పిల్లలు వస్తాయి, ఆపలేరు. మలావీలో ఆడది గుడ్లు నోట్లో పెట్టుకుని మూడు వారాలకి పైగా మోస్తుంది. గడ్డం కింద సంచిలా ఉబ్బి, దవడ మెల్లగా నములుతున్నట్టు కదుపుతూ, మేత వేస్తే అన్నీ పరిగెత్తినా అది మాత్రం రాయి పక్కనే ఉండిపోతుంది, అప్పుడు తెలిసిపోతుంది. పిల్లలు కావాలంటే దాన్ని చిన్న తొట్టిలోకి మార్చండి, వద్దంటే వదిలేయండి, ఏ రెండో మూడో రాళ్ళ సందుల్లో బతుకుతాయి. సీవరం, అకారా అయితే జత కుదిరి రాయి మీద పెడతాయి, ఆ పది రోజులు మిగతావి అటు వెళ్ళకుండా మధ్యలో రాయో కట్టో అడ్డం పెడితే దెబ్బలు తగ్గుతాయి.

ఎక్కువైపోయాయనో, ఆస్కార్ పెద్దదైపోయిందనో కాలువలోకో చెరువులోకో వదిలేయకండి. అక్వేరియంల కోసం తెచ్చిన సక్కర్ క్యాట్‌ఫిష్ మన నదుల్లో, చెరువుల్లో చేరి వలలు చింపుతోంది, దెయ్యం చేప అని పేరు కూడా పడింది, రైతు పెంచుకునే బొచ్చె, శీలావతి పిల్లల మధ్య ఆస్కార్ పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. చాలా షాపులవాళ్ళు డబ్బులివ్వకపోయినా పెద్ద చేపని తీసుకుంటారు, కొందరు దానికి బదులు మేత డబ్బానో మొక్కలో ఇస్తారు. తీసుకెళ్ళేటప్పుడు ఆస్కార్‌ని కవర్లో కాదు, మూత ఉన్న పెయింట్ బక్కెట్టులో సగం నీళ్ళు పోసి, మూతకి నాలుగు చిల్లులు పెట్టి, ముందు రోజు మేత మానేసి తీసుకెళ్ళండి.